ఎర్రమాత్ర మింగిన అర్జునుడు

వచ్చేసింది! నాకు డాక్టరేటు వచ్చేసింది! మా ఇంటిపేరు గలవాళ్ళలో పదో తరగతి గట్టెక్కిన మొదటి మనిషిని నేనే, డిగ్రీ చేసిన మొదటి మనిషినీ నేనే, ఇక మీదట పేరు ముందు డాక్టర్ అని రాసుకోబోయే మొదటి మనిషినీ నేనే. ఇవాళ పొద్దున వైవా అయింది. నన్ను వరండాలో కూర్చోబెట్టి లోపల ముగ్గురు పెద్దమనుషులు కాఫీ తాగారు, జీడిపప్పు నమిలారు, ఎవరి మనవడికో ఇంజినీరింగ్ సీటు రాలేదని కాసేపు బాధపడ్డారు. ఆ తర్వాత గుర్తొచ్చి తలుపు తీసి "కంగ్రాచులేషన్స్ డాక్టర్" అన్నారు. ఎవరైనా డాక్టరు వచ్చాడేమోనని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేనే! మదనపల్లెలో జూనియర్ కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పుకునే, పుంగనూరు రమణప్ప కూతుర్ని.

ఇంకా ఎవరికీ ఫోను చెయ్యలేదు. బస్సులో చెయ్యబోయాను గానీ, ఇది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసగా చెప్పే వార్త కాదు. ఇంటికొచ్చి తలుపేసుకుని గొంతు విప్పి అరుద్దామనుకున్నాను. తీరా ఇంటికొచ్చి, పరిశోధన గ్రంథం ప్రతులు కట్టిన మూట విప్పితే చెయ్యి ఫోను మీదికి పోలేదు. మూట అన్నాను కదా, నిజంగా మూటే. మా ఇళ్ళలో పెళ్ళి బట్టలైనా వేరుశనగ విత్తనాలైనా పాత పంచెలోనే కడతారు. వైవాకి పోయేముందు మా అమ్మ తన ట్రంకుపెట్టె అడుగు నుంచి మా నాయన పాత పంచె ఒకటి తీసి, నా ఆరేళ్ళ చాకిరీని అందులో కట్టి ముడేసింది. ఆ మూటని ప్రొఫెసర్ల బల్ల మీద పెడితే ఒకాయన వేలి కొసతో దూరంగా జరిపాడు. ఇప్పుడు విప్పి పరిస్తే, పంచె అంచు దగ్గర నారింజరంగు మరక. ఎన్నిసార్లు ఉతికారో, ఎన్ని చాకిరేవులు చూసిందో, పోలేదు. అది దేని మరకో తెలిసుంటే ఆ పెద్దమనిషి మూటని కాదు, బల్లనే జరిపి ఉండేవాడు.

వైవాలో ఆయనే అడిగాడు. "ఊరి నాటకాలకీ ప్రజారోగ్యానికీ ఏమిటమ్మా సంబంధం? కళ వల్ల ఆరోగ్యం మెరుగుపడిందని దేనితో కొలిచారు?" నేను గ్రంథంలో రాసినట్టే, నాకే అర్థంకాని భాషలో, ఆయనకి నచ్చే జవాబు చెప్పాను. ఆయన తల ఊపాడు. అసలు జవాబు ఆయన మోచేతి పక్కనే ముడేసి ఉంది. అది ఇప్పుడు చెప్తాను. ఫోన్లు ఎక్కడికీ పోవు.

మా ఇంట్లో తెల్లారడం అంటే నాయన పాడడం. పశువుల కొట్టంలో పేడ ఎత్తుతూ, ఆవుకి కుడితి పెడుతూ, మిద్దె మీద ఆరేసిన వేరుశనగకాయలు కిందికి దించుతూ పద్యం ఎత్తుకునేవాడు. లోపల అమ్మ ఊరిబిండి పచ్చడి నూరే రోటి చప్పుడు, రాగిసంగటి ఉడికే వాసన, గంపల్లో నిన్న కోసిన తమాటాల పచ్చివాసన. అరుగు మీద మా అవ్వ కాళ్ళు చాపుకుని కాయలు ఒలుస్తుండేది. నాయన తల్లి. చూపు సగం పోయింది, చెవి మాత్రం పాము చెవి. పద్యం ఆఖర్న రాగం తీసేటప్పుడు ఆమె చేతులు ఆగిపోయేవి. రాగం అయిపోయాక తీర్పు చెప్పేది. "ఈ పొద్దు గుక్క నిలిచినాది." అంటే ఆ పూట ఇంట్లో అందరికీ క్షేమం. "యాలనో మధ్యలో తెగినాది" అంటే అమ్మ మిరియాల కషాయం పెట్టేది. మా ఇంటి థర్మామీటరూ స్టెతస్కోపూ మా అవ్వ చెవే. పాదరసం లేదు, పగిలే భయం లేదు.

నాయన ఉత్తినే పాడేవాడు కాదు. ఏటేటా మా వైపు భారతం జరుగుతుంది. ధర్మరాజుల గుడి ముందర పగలు హరికథ, పొద్దుగూకినాక వీధినాటకం. అందులో మా నాయన అర్జునుడు. అన్నిటికన్నా పెద్ద పండగ తపసుమాను రోజు. మైదానంలో నున్నటి పొడుగాటి మాను పాతి, దానికి మెట్లు కొట్టి, అర్జునుడు వేషం కట్టినవాడు శివుడి కోసం ఒక్కో మెట్టుకీ ఒక పద్యం పాడుకుంటూ పైకెక్కుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్ళు తలస్నానం చేసి, తడిచీరలతోనే మాను చుట్టూ వరపడతారు. అంటే సంతానం వరంగా కోరుకుంటూ నేల మీద బోర్లా పడుకుంటారు. అర్జునుడు పైనుంచి నిమ్మకాయలూ విభూతీ విసిరినప్పుడు లేచి కొంగు పడతారు. కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. పండుతుందా లేదా అన్నది నన్నడగొద్దు. కానీ ఎక్కేవాడు మాత్రం ఆ తడిచీరల బరువంతా తన మెడ మీద ఉన్నట్టే ఎక్కుతాడు. అందుకే ఉత్సవం మొదలయ్యేటప్పుడు చేతికి పసుపు కంకణం కట్టుకుంటాడు. కట్టింది మొదలు విప్పేదాకా నేల మీద పడక, మాంసం లేదు, అబద్ధం లేదు, మైల అసలే పనికిరాదు.

నేను ఇంటర్ చదివే ఏడు అవ్వ తీర్పు చెప్పడం మానేసింది. నాయన పాడుతున్నాడు, ఆమె ఒలుస్తోంది, రాగం తెగుతోంది, ఆమె ఏమీ అనడం లేదు. నాయన దగ్గు అప్పటికే రెండు నెలలది.

సరిగ్గా అప్పుడే మా ఊరిని ఉద్ధరించడానికి జీపు వచ్చింది. తెల్లజీపు, దానికి పచ్చ బ్యానరు, పైన రెండు మైకులు. ఆరోగ్యశాఖ వారి కళాజాత అట. దిగినాయన్ని మేం జీపు సారు అనేవాళ్ళం, ఇప్పటికీ ఆయన పేరు నా నోటికి రాదు. మైకు పట్టుకున్నవాడికి ఊళ్ళో అందరూ చెవిటివాళ్ళలాగే కనపడతారు. ఆయన అరిచిన అరుపుకి మా ఆవు పలుపు తెంచుకుంది. తర్వాత నాటకం. టీబీ రోగి అంటే చిరిగిన చొక్కా, చేతిలో సారాసీసా, తూలుడు నడక. వచ్చాడు, పెళ్ళాన్ని కొట్టాడు, దగ్గాడు, నోట్లో దాచుకున్న ఎర్రసిరా దూది ఉమ్మాడు, చచ్చాడు. అంతా అన్నం ఉడికే లోపల అయిపోయింది. జీపు సారు మైకు లాక్కుని "చూశారుగా! నిర్లక్ష్యం చేస్తే ఇదే గతి!" అన్నాడు. ఆ పైన జనాన్ని దగ్గరగా జరిపి, అందరి చేతులూ పైకెత్తించి ఫోటో తీయించుకున్నాడు. చెయ్యెత్తని ఒక ముసలాయన్ని కసిరి మరీ ఎత్తించాడు. ఫోటో పడింది కాబట్టి ఊరికి ఆరోగ్యం వచ్చేసింది. జీపు పోయింది.

నాయన ముందు వరసలో కూర్చున్నాడు. ఆడేవాడు వచ్చాడంటే సాటి ఆడేవాడు పోయి కూర్చోవాలి, అది ఆయన మర్యాద. తిరిగొచ్చేటప్పుడు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఒకే ఒక్క మాట అన్నాడు.

"వానికి పడేదే రాలా పాపా. సచ్చేవోడు అట్లనా పడేది?"

ఆ రోజు నుంచి ఆయన అరుగు మీద దగ్గడం మానేసి గడ్డివామి వెనక్కి పోయి దగ్గేవాడు. జన్మలో సారా ముట్టని మనిషి. టీబీ అని తేలితే, ఊరంతా తనని ఆ తూలేవాడిలా చూస్తుందని భయం. ఆ కళాజాత మా ఊరికి చేసిన మేలు అదొక్కటే, దగ్గేవాళ్ళని గడ్డివాముల వెనక్కి తోలడం. ఆ మేలుకి ఖర్చు రాసుకుని ఉంటారు, డీజిలు కూడా.

చివరికి అవ్వ నోరు విప్పింది. సంగటి తట్ట ముందుకి తోసేసింది.

"నువ్వు మదనపల్లె ఆసుపత్రికి పోయొచ్చేదాంక నాకు సంగటొద్దు."

"యాలమ్మా, నాకేమయ్యిండాది?"

"నువ్వు సెప్పే పన్లేదు. నీ గుక్క సెప్తాండాది. నీళ్ళు లేని బావిలో చాద ఏసినట్టు ఉండాది నీ పాట."

మా నాయన ఆసుపత్రికి పోయాడు. ఎలా పోయాడనుకున్నారు? నెత్తిన తమాటా గంప పెట్టుకుని. మార్కెట్టుకి పోతున్నట్టు! అడిగినవాళ్ళకల్లా "రేటు బాగుండాదంట" అని చెప్పుకుంటూ బస్సెక్కాడు. సాయంత్రం అదే గంపతో తిరిగొచ్చాడు, పైన అమ్ముడుపోని తమాటాలు, అడుగున మాత్రల డబ్బా. అమ్మ తమాటాలు ఒక్కొక్కటే తీసి కింద పెడుతుంటే అడుగున ఆ డబ్బా కనపడింది. ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అవ్వ మాత్రం తట్ట దగ్గరకి లాక్కుని సంగటి తింది. ఆపకుండా మింగితే పూర్తిగా నయమవుతుందని అక్కడ చెప్పారట. ఇంకా ఏవేవో చెప్పారట. టీబీ అన్న మాట విన్నాక మా నాయన చెవుల్లో ఇంకేదీ దూరలేదు.

మింగాడు. ఒళ్ళు కొంచెం తేరుకుంది, దగ్గు సన్నగిల్లింది, అవ్వ మళ్ళీ తీర్పులు మొదలుపెట్టింది. అంతలో భారతం వచ్చింది, కంకణం కట్టుకున్నాడు. కట్టుకున్న మర్నాడే మాత్ర ఆపేశాడు. అమ్మ డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడితే "కంకణం ఇప్పినాక సూద్దాంలేమ్మే" అన్నాడు. ఎందుకని అడిగితే పలకడు. మాత్రల్లో ఏదైనా నీచు కలుస్తుందని అనుమానమేమో అని అమ్మ, ఉపవాసాల నీరసమేమో అని నేను. రోజులు గడుస్తున్నాయి. పొద్దున్నే పాటలో మళ్ళీ ఆ బొంగురు. అవ్వ కాయలు ఒలవడం ఆపి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ ఒలిచేది. తపసుమాను రోజు దగ్గర పడుతోంది. అంత ఎత్తున, ఆ ఎండలో, ఆ ఊపిరితో ఎక్కితే పడిపోతాడని మా ముగ్గురికీ తెలుసు. ఎక్కొద్దంటే వినడనీ తెలుసు.

అమ్మ మునెప్ప దగ్గరకి పోయింది. మునెప్ప బజారులో బొరుగులు అమ్మేవాడు. పొట్టిగా, గుండ్రంగా, నున్నగా గీసిన గడ్డంతో ఉండేవాడు. ఎందుకంటే భారతంలో ద్రౌపది ఆయనే. నాయన అర్జునుడు కట్టిన మొదటి ఏడు నుంచీ ద్రౌపది మారలేదు. పగలంతా బొరుగుల గోనెల మధ్య కూర్చుని, నాటకం మొదలయ్యే వేళకి చీర చుట్టి బొట్టు పెట్టాడంటే మా వీధి ఆడవాళ్ళే ఆయన నడక చూసి నేర్చుకోవాలి. అమ్మ చెప్పింది విని, కొట్టు మూసేసి మధ్యాహ్నం మా ఇంటికొచ్చాడు. కొట్టంలో నాయన పక్కన గడ్డి మీద కూర్చున్నాడు. అవ్వా నేనూ అరుగు మీద కాయలు ఒలుస్తున్నట్టు నటిస్తున్నాం.

"ఏమిరా రమణప్పా, మాత్ర యాల నిలిపితివి?"

"కంకణం ఉండాది గదన్నా."

"కంకణానికీ మాత్రకీ యాడ సంబంధంరా?"

ఆవు ముందు గడ్డి వేసిన చప్పుడు. తర్వాత నాయన గొంతు, ఎన్నడూ విననంత చిన్నగా.

"నెత్తర పోతాండాదన్నా."

"యాడ?"

"ఒంటికి పోతే. మాత్ర మింగినప్పట్నుంచీ ఎర్రగా వస్తాండాది. ముందు రోగం కడుక్కోని పోతాందిలే అనుకుంటి. ఇప్పుడు కంకణం కట్టుకునుండాను. నెత్తర మైల గాదా? మైలతో మాను ఎక్కి నిమ్మకాయ ఇసిరితే, కింద తడిగుడ్డల్తో పండుకునుండే ఆడకూతుర్లకి నేను జవాబేమి సెప్పేదన్నా?"

కొట్టంలో నుంచి వింత చప్పుడు వచ్చింది. ఆవుకేమైనా అయిందేమోనని నేను తొంగి చూశాను. మునెప్ప తలగుడ్డ విప్పి నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాడు. కళ్ళలో నీళ్ళు.

"అది నెత్తర గాదురా పిచ్చోడా. మాత్ర రంగు. నాకు గూడా అట్లనే పోసినాది."

"నీకా!"

"నాకే. మూడేండ్ల కిందట కొట్టు మూసేసి కుప్పంలో మా అత్తగారింట్లో ఉంటిని గదా, యాల ఉంటిననుకున్యావు? అత్త సేతి వంట తినేదానికా? ఈడ మింగితే బొరుగులు ఎవురు కొంటారని ఆడికి పోయి మింగినా. ద్రౌపదికి అజ్ఞాతవాసం కొత్తనా?"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక మాత్ర రంగు ఇదని ఇద్దరు మొగవాళ్ళ మధ్య ఒక్క మాట దాటడానికి మూడేళ్ళు పట్టింది! ఇద్దరూ ఒకే అద్దంలో మొహాలకి అర్దళం పూసుకునేవాళ్ళు. ఊరిలో ప్రతివాడూ ఒక తమాటా గంప కింద ఏదో దాచుకుని తిరుగుతున్నాడు. రెండు మైకుల జీపు వచ్చి గంట సేపు అరిచిపోయింది, ఈ ఒక్క ముక్క చెప్పలేదు. చావడం ఎలాగో చూపించారు గానీ, మింగితే ఏమవుతుందో చెప్పడానికి వాళ్ళకి సమయం చాలలేదు.

కథ అక్కడితో అయిపోవాలి. మా నాయన అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"నాకు తెలిస్తే సాలదన్నా," అన్నాడు. "కంకణం కట్టుకోని రోగం దాపెట్టి ఎక్కలేను. కింద ఉండేవాళ్ళకి గూడా తెలియాల. తెలిసినాక వాళ్ళు ఎక్కమంటే ఎక్కుతా, దిగమంటే దిగుతా. సెప్పేదానికి మాత్రం నాకు నోరు రాదు."

మునెప్ప తలగుడ్డ మళ్ళీ చుట్టుకున్నాడు. ఆయన బొరుగుల కొట్టు మీద ఇంట్లో ఆరుగురు బతుకుతున్నారు. లేచి పంచె దులుపుకుని "సూద్దాంలే" అని పోయాడు.

తపసుమాను రోజు. ఎండ నడినెత్తిన. మాను చుట్టూ తడిచీరల మీద నుంచి ఆవిరి లేస్తోంది. నాయన కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని, చేతిలో విల్లు పట్టుకుని వచ్చాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. ఎక్కేముందు ద్రౌపది వచ్చి భర్తకి బొట్టు పెట్టి సాగనంపాలి. మునెప్ప ఎర్రచీరలో వయ్యారంగా నడిచొచ్చి, బొట్టు పెట్టి, తప్పుకోవాల్సినవాడు తప్పుకోలేదు. రొంటిన దోపుకున్నది తీసి నాయన అరచేతిలో పెట్టాడు. రాగయుక్తంగా మొదలుపెట్టాడు గానీ రెండో మాటకే మామూలు మాటల్లోకి దిగిపోయాడు.

"నాథా! తపసుకి పోతాండావు. పొయ్యేముందర ఈ ఎర్రమాత్ర మింగి పో. మింగితే ఒంటికి ఎర్రగా వస్తాది, నెత్తరని బెదరొద్దు, అది మాత్ర రంగు. నేను గూడా కుప్పంలో ఆరు నెల్లు అట్లనే పోస్తిని. ఇప్పుడు సూడు, రాయి మాదిరి ఉండాను."

హరికథ దాసు తాళాలు ఆపేశాడు. వరపడిన ఆడవాళ్ళలో ఒకామె వెంట తోడొచ్చిన ముసలామె తల పైకెత్తి అడిగింది.

"ఏమప్పా మునెప్పా, నీకు గూడా ఆ రోగం వచ్చిండెనా?"

ద్రౌపది నడుం మీద చెయ్యి పెట్టింది.

"వచ్చిండె. పోయింది గూడా అవ్వా. ఇన్నేండ్లుగా నా బొరుగులు తింటివి, సచ్చినావా?"

ముసలామె ఆలోచించింది. "లేదప్పా. ఉప్పు ఎక్కువేస్తావు, అంతే," అంది.

అప్పుడు లేచింది నవ్వు. ముందు మొగవాళ్ళ వైపు, తర్వాత తడిచీరల్లోంచి, తర్వాత పిల్లల్లోంచి. అంత పెద్ద నవ్వు ఆ మైదానం మళ్ళీ చూడలేదు. ఆ నవ్వులోనే నాయన కిరీటం వెనక్కి వంచి, ద్రౌపది చెంబులో నీళ్ళతో మాత్ర మింగాడు. అందరూ చూస్తుండగా. చెయ్యెత్తమని ఎవరూ అడగలేదు, ఫోటో ఎవరూ తియ్యలేదు. వరపడిన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా లేచి పోలేదు.

పై దాకా ఎక్కాడని రాస్తే ఈ కథ ఇంకా అందంగా ఉండేది. ఎక్కలేదు. సగం మానులో ఊపిరి అందక మెట్టు మీద కూలబడ్డాడు. కింద నుంచి ఎవరో "దిగు రమణప్పా, సాలు" అని అరిచారు. మునెప్ప చీర కుచ్చిళ్ళు ఎగగట్టి వాళ్ళ మీదికి పోయాడు. "ఆడనే సెయ్యనీండప్పా తపసు! శివుడు కైలాసం నుంచి వచ్చేవోడు, ఈ నాలుగు మెట్లు దిగలేడా?" నాయన అక్కడే కూర్చుని మిగిలిన పద్యాలు తెగిన గుక్కతోనే పాడాడు. దగ్గర నుంచి విసిరాడు కాబట్టి, ఆ ఏడు నిమ్మకాయలన్నీ సరిగ్గా కొంగుల్లోనే పడ్డాయి.

ఆ తర్వాత కొన్నాళ్ళు మునెప్ప కొట్టులో గోనెలు కదల్లేదు. మైదానంలో నవ్వినవాళ్ళే వీధి మార్చి పోయేవాళ్ళు. మనుషుల సంగతి మనకి తెలియంది కాదు. మా ఇంట్లో పొద్దునా సాయంత్రమూ బొరుగుల ఉప్మానే, మా అమ్మ పట్టుదల. ఒకరోజు మా వీధి చివరి దర్జీ వచ్చి, అటూ ఇటూ చూసి, నాయనతో "అన్నా, ఒక తమాటా గంప ఉంటే ఇయ్యి" అన్నాడు. దర్జీకి తమాటా తోట ఎక్కడిది! నాయన గంప తెచ్చిచ్చాడు, పైన కప్పడానికి నాలుగు తమాటాలు కూడా వేశాడు. ఆ గంప ఆ ఏడు మా ఇంట్లో కన్నా మదనపల్లె బస్సు టాపు మీదే ఎక్కువ ఉంది. ఎవరెవరు తీసుకుపోయారో మేం లెక్క రాయలేదు. ఒక్కసారి కూడా ఖాళీగా మాత్రం తిరిగి రాలేదు, ఎవరి తోటలో కాసింది వాళ్ళు వేసి పంపేవారు. ఆసుపత్రిలో నాయనకి బాగా చీవాట్లు పెట్టి, మళ్ళీ పరీక్షలు చేసి, మందులు ఇంకొన్నాళ్ళు పొడిగించారు. మింగాడు. నయమైంది. మరుసటేడు మాను చివరి దాకా ఎక్కాడు, అవ్వ కింద కూర్చుని విని "నిలిచినాది" అంది.

కొన్నేళ్ళకి నేను డిగ్రీ పూర్తిచేశాను. చదువుకున్న పిల్ల కదా అని కుప్పంలో ఒక శిక్షణ శిబిరంలో నాకు పని ఇచ్చారు, జానపద కళాకారులకి ఆరోగ్య నాటకాలు నేర్పించే పని. ఎవరికి ఎవరు నేర్పించాలో చూడండి! అక్కడ పెద్ద కుర్చీలో ఎవరున్నారనుకున్నారు? జీపు సారే. జుట్టు పలచబడింది, పదవి చిక్కబడింది. హైదరాబాదులో ఎవరో రాసిన స్క్రిప్టు పంచాడు. అందులో మా వైపు రైతు "అయ్యో, నా ఊపిరితిత్తులు క్షీణించుచున్నవి" అంటాడు. రోగి అదే తూలుడు, అదే సీసా, చివర్లో అదే చావు. కళాకారుల్లో మునెప్ప కూడా వచ్చాడు. లేచి నిలబడి ఎంతో వినయంగా అడిగాడు.

"సార్, ఆకర్న రోగి సావల్లనా?"

"చావాలి. అప్పుడే ఇంపాక్ట్."

"ఆ రోగం వచ్చినోణ్ణి నేనే సార్. నేను సావలా. ఇప్పుడెట్ల?"

"మీ సొంత అనుభవాలు వద్దండీ. కళ అనేది ఒక మాధ్యమం. స్క్రిప్టు ఫాలో అవ్వండి చాలు."

తర్వాత అందరికీ నినాదం అచ్చేసిన టీషర్టులూ టోపీలూ పంచారు, వేషాల మీద వేసుకోవాలట. మునెప్ప ద్రౌపది చీర మీద టీషర్టు తగిలించుకుని అద్దంలో చూసుకున్నాడు. "ద్రౌపదికి గుడ్డలు లాగేటోళ్ళని సూసినాను గానీ పాపా, పైన తొడిగేటోళ్ళని ఇప్పుడే సూస్తాండాను," అన్నాడు. ఫోటో తీశారు. ఆ ఫోటో ఏదో పుస్తకం అట్ట మీద కూడా పడింది. టోపీ కింద ఆయన మొహం చూస్తే, అంత నిండు సభలో తనని కాపాడ్డానికి ఎవరూ రాని ద్రౌపది మొహం. దీన్ని ఎవరూ కసిరి కూర్చోబెట్టలేని చోట రాసిపెట్టాలని ఆ పూటే అనుకున్నాను. అనుకున్నది ఇవాళ పొద్దున అయింది.

"ఆ రోజులే వేరు" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజుల్లో మా నాయన గడ్డివామి వెనక దగ్గాడు. ఇప్పుడు మందులు ఇంటికే తెచ్చిస్తున్నారు, మంచిదే. జీపు పోయి ఫ్లెక్సీ వచ్చింది, దాంట్లో రోగి కన్నా నాయకుడి మొహం పెద్దది. ర్యాలీలో మా కాలేజీ పిల్లల్ని ఎండలో నడిపించి, బ్యానరు సరిగ్గా పట్టుకోలేదని తిట్టి, సెల్ఫీ దిగి పంపేస్తారు. చేతులెత్తించేవాడు మారాడు, ఎత్తించడం మారలేదు. కానీ ఎక్కడైనా ఒక మనిషి తన పరువు రొంటిన దోపుకుని పదిమంది ముందుకొచ్చి "నాకు కూడా వచ్చింది, పోయింది" అని నవ్వించగలిగితే, అక్కడ తమాటా గంపల అవసరం పోతుంది. ఇది నా పరిశోధన సారాంశం. దీనికి నాలుగు వందల పేజీలు రాయించుకున్నారు.

సరే, సాయంత్రమైంది. ఇక ఫోన్లు.

అమ్మకి. కుప్పంలో పిన్ని వాళ్ళింట్లో ఉంది. "అయితే సూది ఏస్తావా పాపా?" అని అడుగుతుంది, వెయ్యనని చెప్పాలి. పంచెకి అంటిన ఆ మాత్ర రంగు ఇంకా పోలేదని కూడా చెప్పాలి. నాయనకి తను ముందే చెప్పెయ్యనని ఒట్టు వేయించుకోవాలి.

దర్జీ అన్నకి. నా కాన్వొకేషన్ జాకెట్టు ఆయనే కుట్టాలి. గంప సంగతి గ్రంథంలో రాశాను గానీ పేరు రాయలేదని చెప్పాలి.

జీపు సారుకి. రిటైరయ్యాడు, మదనపల్లెలోనే ఉన్నాడు. "కళలకి ఎంత శక్తి ఉందో నేనప్పుడే చెప్పాను కదమ్మా" అంటాడు. చివరి దాకా విని, ఫోనులో కనపడకపోయినా చెయ్యెత్తుతాను.

మునెప్ప నంబరుకి. ముసలితనంతో, నిద్రలో, హాయిగా పోయాడు. ఫోను ఇప్పుడు కోడలి దగ్గర కొట్టులో ఉంది. ఐదు శేర్ల బొరుగులు చెప్పాలి, ఉప్పు ఎప్పటిలాగే.

నాయనకి, అందరికన్నా చివర్న. ఈ వేళకి కొట్టంలో ఉంటాడు. అవ్వ లేదు, వినేవాళ్ళు లేరు. వార్త వెంటనే చెప్పను. తపసుమాను పద్యం ఒకటి ఎత్తుకోమంటాను. ఆఖరి రాగం నిలిచిందా, అప్పుడు చెప్తాను. తెగిందా, వార్త తర్వాత, ముందు పుంగనూరు బస్సెక్కుతాను.